రవ్వ ఎక్కడ ఆగినది?
పాత మోటారుకార్ల ఇగ్నిషన్ చరిత్ర

పెట్రోలుతో నడచు ఏ ఇంజనుకైనను మూడు కావలెను: ఇంధనము, గాలి, సరియైన క్షణమున ఒక నిప్పురవ్వ. ఇంధనము తక్కువైనచో టాంకులోనికి చూచి తెలిసికొనవచ్చును. గాలిదారి మూసికొనిపోయినచో విప్పి తుడువవచ్చును. కాని మూడవది ఇనుపగోడల నడుమ పుట్టి, సెకనులో వెయ్యవ వంతు కాలములో ఆరిపోవునట్టిది. అది ఉన్నదో లేదో బయటివారికి కనబడదు.

ఏండ్ల తరబడి మూలపడియున్న ఒక పాత కారును ఎవరో శ్రమకోర్చి బాగుచేయుదురు. తుప్పు గీకి, రంగు వేసి, సీట్లకు క్రొత్త తోలు కుట్టించి, ఇత్తడి దీపములను తళతళలాడునట్లు తోమి, తుదకు హాండిలు త్రిప్పుదురు. ఇంజను తిరుగును, కాని అంటుకొనదు. మెకానిక్కు ఒక ప్లగ్గు విప్పి చూచి, "స్పార్కు లేదు" అని తేల్చును. అక్కడనుండి రెండు దారులు కలవు. కనబడిన భాగమునెల్ల మార్చుకొనుచు పోవుట ఒక దారి. రవ్వ ఎక్కడ ఆగినదో వెదకుట రెండవ దారి. నూరేండ్ల నాటి కారుకు మొదటి దారి పనికిరాదు. దాని భాగములు బజారులో దొరకవు. దొరికినను, మంచి భాగమును పారవైచి చరిత్రను పోగొట్టుకొనుట అగును.

రెండవ దారిన పోవువానికి చరిత్రయే గొప్ప సహాయము. ఇగ్నిషన్ వ్యవస్థలోని ప్రతి భాగమును ఒకనాటి లోపమునకు సమాధానముగా పుట్టినది. ఏ భాగము ఏ లోపమును తీర్చుటకు వచ్చినదో తెలిసినచో, ఆ భాగము చెడినపుడు ఏ లోపము మరల తలయెత్తునో కూడ తెలియును.

హైదరాబాదులోని పచ్చని కారు

తెలుగునాట ఉన్న పాత కార్లలో ఈ విషయమునకు చక్కని ఉదాహరణము నిజాముల రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కొరకు ఇంగ్లండులో దీనికి ఆర్డరు ఇచ్చిరి. ఆయన 1911 ఆగస్టులో మరణించెను. 1912 నాటి ఆ కారు ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడిలో ఉత్సవ వాహనమైనది. లండనులోని బార్కర్ కంపెనీవారు నిర్మించిన దాని బాడీ పసుపు వన్నెది. వెనుక సింహాసనము వంటి ఆసనము కలదు. అది తిరిగిన దూరము చాల స్వల్పము. చాలకాలము కదలక పడియున్న పిమ్మట దానిని పునరుద్ధరించి, చౌమహల్లా ప్రాసాదములో ప్రదర్శనకు ఉంచిరి.

చూడవచ్చినవారి కన్ను సింహాసనముపై పడును. విజ్ఞానశాస్త్ర విద్యార్థి చూడదగినది మాత్రము బానెట్టు క్రింద ఉన్నది. ఆ కాలపు సిల్వర్ గోస్ట్ ఇంజనులో ఆరు సిలిండర్లు, 7,428 ఘన సెంటీమీటర్ల పరిమాణము. సిలిండరుకు రెండేసి చొప్పున పండ్రెండు స్పార్కు ప్లగ్గులు. ఒక వరుస ప్లగ్గులకు మాగ్నెటో అను యంత్రము రవ్వనిచ్చును. రెండవ వరుసకు బాటరీ, అదురు కాయిలు రవ్వనిచ్చును. రెంటికిని సంబంధము లేదు. ఒకటి చచ్చినను రెండవది బండిని ఇల్లు చేర్చగలదు.

అంత పేరున్న కంపెనీ ఒకే పనికి రెండు ఏర్పాట్లు ఎందుకు చేసినది? ఆనాటికి ఏ ఒక్కటియు అన్ని వేళల నమ్మదగినది కాలేదు గనుక. ఆ అపనమ్మకము ఎట్లు పుట్టినదో తెలియుటకు మరి యాభై ఏండ్లు వెనుకకు పోవలెను.

మంటనుండి విద్యుత్తునకు

1860లో పారిస్ నగరమున ఎతియెన్ లెన్వార్ గాస్ ఇంజనును నడపెను. అందు గాస్‌ను అంటించినది విద్యుత్ రవ్వయే. కాని ఆనాటి బాటరీలు, తీగచుట్టలు బలహీనములు. రవ్వ తరచు తప్పిపోవుచుండెను. అందుచేత 1876లో నాలుగు స్ట్రోకుల ఇంజనును నిర్మించిన నికొలాస్ ఆటో విద్యుత్తును విడిచి, బయట మండుచున్న చిన్న మంటను జారుడు కవాటము ద్వారా సిలిండరులోనికి అందించు పద్ధతిని వాడెను. నిమిషమునకు నూటయాభై, రెండువందల చుట్లు తిరుగు ఇంజనుకు అది సరిపోయినది. వేగము పెరిగినచో మంట అందుకొనలేదు.

గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మైబాక్ వేడిగొట్టమును తెచ్చిరి. సిలిండరు ప్రక్కన ఒక సన్నని గొట్టమును అమర్చి, దానిని బయటనుండి బర్నరుతో ఎర్రగా కాల్చుదురు. పిస్టను పెట్రోలు ఆవిరిని అదిమినపుడు అది గొట్టములోనికి చొచ్చి అంటుకొనును. ఇంజను వేగము పెరిగినది. కాని ఏ క్షణమున అంటుకొనవలెనో శాసించుట చోదకుని చేతిలో లేదు. పైగా పెట్రోలు మోయు బండిలో ఎల్లపుడు ఒక మంట వెలుగుచుండవలెను.

కార్ల్ బెంజ్ మంటను నమ్మలేదు. 1886 జనవరి 29న పేటెంటుకు దరఖాస్తు చేసిన తన మూడుచక్రముల బండికి ఆయన బాటరీని, అదురు కాయిలును అమర్చెను. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ తన ఇద్దరు కుమారులతో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌కు, నూరు కిలోమీటర్లకు పైగా, ఆ రకపు బండినే నడపుకొని పోయెను. దారిలో ఇగ్నిషన్ తీగ కప్పు అరిగి విద్యుత్తు దారి తప్పగా, ఆమె తన మేజోడు పట్టీని తీగకు చుట్టి బండిని నడిపించెనని చెప్పుదురు. మోటారుకారు చరిత్రలో "స్పార్కు లేదు" అను జబ్బునకు దారిప్రక్కన జరిగిన తొలి చికిత్సలలో అది ఒకటి. ఆమె ఏ భాగమును మార్చలేదు. విద్యుత్తు ఎక్కడ కారిపోవుచున్నదో చూచి, అక్కడ విద్యుద్బంధకమును ఉంచెను.

త్రెంపుటలోని బలము

బాటరీ ఇచ్చునది ఆరు వోల్టులు. ప్లగ్గు కొనల నడుమ ఉన్న అర మిల్లీమీటరు పైచిలుకు సందును, అందునను అదుముడుపడిన వాయువులో, దాటుటకు వేల వోల్టులు కావలెను. ఈ అగాధమును దాటించినది మైకేల్ ఫారడే 1831 ఆగస్టు 29న చేసిన ప్రయోగము. ఇనుపకడియమునకు రెండు ప్రక్కల రెండు తీగచుట్టలను చుట్టి, ఒకదానిలో విద్యుత్తును పారించగా, రెండవదానికి తగిల్చిన సూచిక కదలినది. విద్యుత్తు నిలకడగా పారుచున్నంతసేపు సూచికలో చలనము లేదు. కలిపిన క్షణమున ఒకసారి, త్రెంచిన క్షణమున ఒకసారి మాత్రమే అది కదలినది. రవ్వకు మూలము విద్యుత్తు పారుట కాదు, అయస్కాంత క్షేత్రము మారుట. ఎంత వేగముగా మారిన అంత ఎక్కువ వోల్టేజి.

1836లో ఐర్లండులోని మేనూత్ కళాశాల అధ్యాపకుడు నికొలాస్ కాలన్ ఈ సూత్రముపై ప్రేరణ తీగచుట్టను నిర్మించెను. ఇనుప నడిమికంబముపై కొద్దిచుట్ల లావు తీగ ప్రాథమిక చుట్ట. దానితోడనే వేలచుట్ల సన్నతీగ గౌణ చుట్ట. 1850 ప్రాంతమున పారిస్‌లో రూమ్‌కార్ఫ్ దానిని మేలైన పరికరముగా తీర్చిదిద్దెను. ఉన్నత పాఠశాలల ప్రయోగశాలలలో కనబడు ప్రేరణ తీగచుట్ట దాని సంతతియే.

కాని ఒక లోపము మిగిలినది. ప్రాథమిక వలయమును త్రెంచునపుడు ఆ చుట్టలోనే రెండుమూడు వందల వోల్టులు పుట్టును. త్రెంచు లోహపుమొనలు ఇంకను దగ్గరగానే ఉండును గనుక విద్యుత్తు వాని నడుమ మంటగా దూకి పారుచునే ఉండును. త్రెంపు నిదానమగును, క్షేత్రము నిదానముగా తగ్గును, గౌణ చుట్టలో వోల్టేజి పడిపోవును, మొనలు కాలిపోవును. 1853లో ఫిజో మొనలకు అడ్డముగా ఒక కండెన్సరును కలిపెను. మొనలు విడుచున్న ఆ స్వల్పకాలమున విద్యుత్తు కండెన్సరులోనికి మళ్ళును. ఆలోగా మొనలు చాలినంత దూరము జరుగును. త్రెంపు ఒక్కసారిగా జరుగును.

తరువాతి కాలపు కారులో ఈ లెక్క ఇట్లు ఉండును. ప్రాథమిక చుట్టలో పుట్టినవి 250 వోల్టులు. గౌణ చుట్టలో దానికి అరువదింతల చుట్లున్నచో, 250ని 60చే గుణింపగా 15,000 వోల్టులు. ఇంతటి కార్యములో కండెన్సరు పాలు మైక్రోఫారాడులో అయిదవ వంతు మాత్రమే. అది లేనిచో మిగిలినవన్నియు బాగుగా ఉన్నను మంచి రవ్వ రాదు.

బాటరీ లేని రవ్వ

బెంజ్ వాడిన అదురు కాయిలులో విద్యుత్ గంటలోవలె ఒక రేకు తనంత తాను కొట్టుకొనుచు, కాంటాక్టు కలసియున్నంతసేపు రవ్వల వరుసను కురిపించును. ఇంజను మెల్లగా తిరుగునపుడు ఇది మేలు. బాటరీ త్వరగా ఖాళీయగుట కీడు. దారిలో బాటరీని నింపుకొనుటకు ఆనాటి కార్లలో సాధనము లేదు.

ఇందుకు జర్మనీలో సమాధానము దొరికినది. స్టుట్‌గార్ట్‌లో రాబర్ట్ బాష్ 1886లో స్థాపించిన పనిశాల, స్థిరముగా ఉండు ఇంజనులకు మాగ్నెటోలను చేయుచు, 1897లో ఒక మోటారు మూడుచక్రముల బండికి మాగ్నెటోను అమర్చినది. 1902లో అక్కడి ఇంజనీరు గాట్లోబ్ హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన స్పార్కు ప్లగ్గును సిద్ధపరచెను. శాశ్వత అయస్కాంతముల నడుమ తీగచుట్ట తిరుగును. విద్యుత్తును పుట్టించుట, త్రెంచుట, వోల్టేజిని పెంచుట ఒక్క పెట్టెలోనే జరుగును. బాటరీతో పనిలేదు. కాని ఇంజను తిరిగిననే మాగ్నెటో తిరుగును. హాండిలును మెల్లగా త్రిప్పినచో రవ్వ నీరసముగా ఉండును.

ఇపుడు సిల్వర్ గోస్ట్‌లోని పండ్రెండు ప్లగ్గుల రహస్యము విడిపోవుచున్నది. బయలుదేరునపుడు బలమైనది అదురు కాయిలు. పరుగులో బలమైనది మాగ్నెటో. ఒకదాని బలహీనత దగ్గర రెండవది నిలబడుచున్నది. 1908 నుండి 1927 వరకు తయారైన ఫోర్డ్ మోడల్ టి కారులో ఈ రెండును మరొక రీతిగా కలసినవి: ఫ్లైవీలుపై పదునారు అయస్కాంతములు విద్యుత్తును పుట్టించును, నాలుగు అదురు కాయిళ్ళు దానిని రవ్వగా మార్చును.

ఈ ద్వంద్వమునకు ముగింపు పలికినవాడు అమెరికాకు చెందిన చార్లెస్ కెటరింగ్. ఇంజనీరు కాకముందు ఆయన పల్లెటూరి బడిపంతులు. అదురుచు అనేక రవ్వలు కురియుట వ్యర్థము, పిస్టను పైకి వచ్చిన క్షణమున ఒక్క మంచి రవ్వ చాలును అని ఆయన గ్రహించెను. ఆయన ఇగ్నిషన్ ఏర్పాటు 1910 నమూనా కాడిలాక్ కార్లలో వచ్చినది. 1912 నమూనాలో విద్యుత్ స్టార్టరు, దానితో బాటరీని నింపు ఏర్పాటు కూడ వచ్చినవి. కారులోనే బాటరీ నిండుచున్నపుడు మాగ్నెటో అవసరము క్రమముగా తగ్గినది. బాటరీ, కాయిలు, త్రెంపు పాయింట్లు, కండెన్సరు, డిస్ట్రిబ్యూటరు అను ఈ అయిదింటి ఏర్పాటు అటుపిమ్మట అరువదేండ్లు ప్రపంచపు పెట్రోలు కార్లను నడపినది. తొలుత ఆ పాయింట్లకు ప్లాటినము వాడిరి. పిమ్మట టంగ్‌స్టన్ వచ్చినది. అయినను పాత మెకానిక్కులు వానిని "ప్లాటినం పాయింట్లు" అనుట మానలేదు.

వెదకు క్రమము

ఈ చరిత్ర చేతనున్నవాడు రవ్వ రాని కారు దగ్గరకు వచ్చినచో ఏమి చేయును? బాటరీనుండి ప్లగ్గు వరకు ఉన్నది ఒక గొలుసు. గొలుసును ఒక చివరనుండి వరుసగా చూచుకొనుచు పోవచ్చును. కాని నడుమ పరీక్షించినచో ఒక్క దెబ్బతో సగము గొలుసు నిర్దోషియని తేలును.

కాయిలు నడిమినుండి డిస్ట్రిబ్యూటరునకు పోవు లావు తీగ అట్టి నడిమి చోటు. ముందుగా చుట్టుప్రక్కల పెట్రోలు ఆవిరి లేకుండ చూడవలెను. తీగను వట్టిచేతితో పట్టరాదు; ఎండు కర్రకు కట్టి, దాని కొనను ఇంజను లోహమునకు అయిదారు మిల్లీమీటర్ల దూరమున ఉంచవలెను. స్విచ్చి వేసి ఇంజనును త్రిప్పగా నీలిరవ్వ పటపట దూకినచో, బాటరీ, స్విచ్చి, కాయిలు, పాయింట్లు, కండెన్సరు అన్నియు మంచివే. దోషము డిస్ట్రిబ్యూటరు మూతలోనో, లోపల తిరుగు రోటరులోనో, ప్లగ్గు తీగలలోనో, ప్లగ్గులలోనో ఉండవలెను. మూతలో వెంట్రుకవాసి పగులున్నను, ఆ పగులులో తేమ, మసి చేరి విద్యుత్తునకు దొంగదారి ఏర్పడును.

అక్కడ రవ్వ లేనిచో దోషము వెనుక ఉన్నది. ఇపుడు కావలసినది ఒక చిన్న పరీక్షదీపము. దాని ఒక తీగను కాయిలునుండి పాయింట్లకు పోవు మొనకు, రెండవ తీగను ఛాసిస్ లోహమునకు తగిలించి, స్విచ్చి వేసి ఇంజనును మెల్లగా త్రిప్పవలెను. పాయింట్లు విడినపుడు దీపము వెలుగవలెను, కలసినపుడు ఆరవలెను. దీపము చెప్పగల మాటలు మూడే.

దీపము ఎంతకు ఆరనిచో, పాయింట్లు కలియుటలేదు. వానిపై మకిలి, జిడ్డు, లేక ఏండ్ల తరబడి పేరుకొనిన ఆక్సైడు పొర ఉన్నది. లేదా పాయింట్ల పలకకు ఎర్తు లేదు. దీపము అసలు వెలుగనిచో, దానిని కాయిలు రెండవ మొనకు, అనగా బాటరీ వైపునకు, మార్చి చూడవలెను. అక్కడను వెలుగనిచో స్విచ్చి, బాటరీ తీగలను చూడవలెను. అక్కడ వెలిగినచో, ప్రాథమిక చుట్ట తెగియుండవలెను. లేదా పాయింట్ల వైపు తీగ ఎక్కడనో లోహమునకు తగిలి, లేక కండెన్సరు లోపల కలిసిపోయి, విద్యుత్తు ఎల్లపుడు భూమికి పోవుచుండవలెను. ఆ తీగను కాయిలునుండి విప్పి మరల చూచినచో ఈ రెండింటిలో ఏదో తెలియును.

మూడవ మాట అన్నిటికంటె ఆసక్తికరము. దీపము చక్కగా వెలుగుచు ఆరుచునే ఉన్నది, అయినను రవ్వ లేదు. అపుడు మిగిలినవి రెండు: గౌణ చుట్ట, కండెన్సరు. ఇంజను తిరుగునపుడు పాయింట్ల నడుమ పెద్ద మంట కనబడినచో, 1853కు ముందున్న తీగచుట్టయే ఆ కారులో ఉన్నదన్నమాట. ఫిజో తీర్చిన లోపము మరల తలయెత్తినది, కండెన్సరు చచ్చినది. పాత కండెన్సరులోని మైనపు కాగితము కాలక్రమమున తేమ పీల్చి చెడుట సహజము.

మాగ్నెటో ఉన్న కారుకు ఒక విశేషము కలదు. బాటరీ ఇగ్నిషన్‌లో స్విచ్చి తీసినచో వలయము తెగును. మాగ్నెటోలో దీనికి విరుద్ధము: దానిని ఆపు స్విచ్చి ప్రాథమిక చుట్టను భూమికి కలుపును. కాబట్టి స్విచ్చికి పోవు తీగ కప్పు ఎక్కడనో అరిగి ఛాసిస్‌కు తగిలినచో, స్విచ్చి ఎట్లున్నను మాగ్నెటో మూగయే. మాగ్నెటోను విప్పుటకు ముందు ఆ ఒక్క తీగను ఊడదీసి చూచుట తెలివి. సిల్వర్ గోస్ట్ వంటి కారులో పని మరింత సుకరము. కాంటాక్టు కలిసిన స్థానమున స్విచ్చి వేయగానే అదురు కాయిలు జుమ్మని మ్రోగినచో, బాటరీ, స్విచ్చి, ప్రాథమిక చుట్ట మంచివని చెవియే చెప్పును. రెండు ఏర్పాట్లలో ఒకటి పలికి రెండవది పలుకనిచో, పలికినది పలుకనిదానిపై సాక్షి అగును.

మెరుగే తెచ్చిన జబ్బు

పునరుద్ధరించిన కారులో రవ్వ పోవుటకు ముసలితనమే కారణమని తలచుట సహజము. కాని చాల పర్యాయములు దోషి క్రొత్తగా చేసిన పనియే. కారులో బాటరీనుండి విద్యుత్తు తీగ ద్వారా పోవును. తిరిగి వచ్చునది ఇనుప శరీరము ద్వారా. అందుకే దారి సగము కంటికి కనబడదు. అందముగా రంగు వేసినపుడు డిస్ట్రిబ్యూటరు కూర్చుండు చోట, ఇంజనును ఛాసిస్‌కు కలుపు చోట కూడ రంగు పడును. రంగు విద్యుద్బంధకము. బండి మెరయును, రవ్వ చచ్చును. ఆ చోట్ల లోహము బయటపడునట్లు గీకుటయే చికిత్స.

రెండవది, పాయింట్ల మొనవద్ద ఉండు చిన్న ఫైబరు వాషరు. దానిని తిరిగి బిగించునపుడు వరుస తప్పినచో ప్రాథమిక వలయము శాశ్వతముగా భూమికి కలిసిపోవును. మూడవది, క్రొత్త పాయింట్లపై తుప్పు పట్టకుండ పూసిన నూనెపొర. నాలుగవది, మాగ్నెటోను విప్పినపుడు అయస్కాంతమునకు అడ్డముగా మెత్తని ఇనుపముక్కను ఉంచకపోవుట. ఆనాటి ఉక్కు అయస్కాంతములు అట్లు త్వరగా బలము కోల్పోవును. ఈ నాలుగింటిలో దేనికిని ఖరీదైన భాగము అక్కరలేదు. ఇవి తెలియనివాడు మాత్రము మంచి కాయిలును, మంచి మాగ్నెటోను పారవేయును. ఒక పాత యంత్రమునకు అంతకంటె కీడు వేరొకటి లేదు.

కాకిబంగారము, పలకరాయి

రవ్వను పుట్టించుట ఎంత ముఖ్యమో, దానిని దారి తప్పనీయకుండుట అంత ముఖ్యము. ఈ రెండవ పనిలో తెలుగునేలకు పాలు కలదు. తొలినాటి మాగ్నెటోల కండెన్సరులలో లోహపురేకుల నడుమ అభ్రకపు పొరలను ఉంచిరి. మొదటి ప్రపంచయుద్ధమునకు కొద్దికాలము ముందు ఇంగ్లండులో కెనెల్మ్ లీ గినెస్ అభ్రకముతో స్పార్కు ప్లగ్గులను చేయసాగెను. అభ్రకము కాగితమంత పలుచగా చీలును, వేడికి కరగదు, వేల వోల్టులకు లొంగదు. జనులు కాకిబంగారమనునది ఇదియే. నెల్లూరు జిల్లా గూడూరు ప్రాంతపు గనులనుండి 19వ శతాబ్ది చివరనుండి ఇది విదేశములకు ఎగుమతియైనది. అక్కడి ఆకుపచ్చని అభ్రకము ప్రసిద్ధము.

1914లో యుద్ధము వచ్చినపుడు బ్రిటను తన మాగ్నెటోలలో అత్యధికభాగము జర్మనీనుండి కొనుచుండెను. విమానములకు, లారీలకు రవ్వనిచ్చు యంత్రమే శత్రువు చేతిలో ఉండుటచే, బ్రిటిషు పరిశ్రమ దానిని త్వరితముగా నేర్చుకొనవలసి వచ్చినది. మాగ్నెటోకు అభ్రకము కావలెను. అభ్రకమునకు భారతదేశము ముఖ్యస్థానము. గూడూరు గనులలో కూలీలు చీల్చిన రేకు వంటిదే ఎక్కడో ఒక ఇంజనులో రవ్వను కాపాడినది.

గిద్దలూరు ప్రక్కనున్న రాచర్ల ప్రాంతపు విద్యార్థులకు మరొక విద్యుద్బంధకము చిరపరిచితము: మార్కాపురము పలక. 1970లో క్రొత్త జిల్లా ఏర్పడుటకు పూర్వము కర్నూలు జిల్లాలో ఉండిన ఈ సీమలో, భూగర్భశాస్త్రజ్ఞులు కంభము పేర పిలుచు శిలాశ్రేణిలో ఈ పలకరాయి దొరకును. విద్యుత్తు వచ్చిన తొలిరోజులలో ప్రపంచమంతట స్విచ్చిబోర్డులను పలకరాతితో చేసిరి. పలుచని బిళ్ళలుగా చీలుట, నిప్పంటుకొనకుండుట, విద్యుత్తును పోనీయకుండుట దానికి కారణములు. అక్షరములు దిద్దిన రాయియే విద్యుత్ పాఠమునకు కూడ పనికివచ్చును.

తరగతిగదికి వచ్చిన రవ్వ

నల్లమల కనుమదారిన పోవు డీసెలు లారీలలో ఈ పాఠము దొరకదు. డీసెలు ఇంజనులో గాలినే మిక్కిలి అదిమి వేడెక్కించి ఇంధనమును అంటింతురు. స్పార్కు ప్లగ్గు లేదు. కాని రాచర్ల వంటి ఊళ్ళలో ఒకప్పుడు తిరిగిన రాజదూత్, యెజ్డి, పాత బుల్లెట్టు మోటారుసైకిళ్ళకు, పెట్రోలు జీపులకు పాయింట్లు ఉండెడివి. మెకానిక్కు అంగడిలో మూలపడిన ఒక పాత కాయిలు, ఒక జత పాయింట్లు, ఒక కండెన్సరు, ఆరు వోల్టుల బాటరీ తెచ్చినచో, విద్యుదయస్కాంత ప్రేరణ పాఠము బల్లమీద ప్రత్యక్షమగును. పాయింట్లను ఎండు కర్రపుల్లతో విడదీయుచు, మొదట కండెన్సరు లేకుండ, పిమ్మట కండెన్సరుతో రవ్వ పొడవును పోల్చి చూపవలెను. వోల్టేజి వేలలో ఉండును గనుక ఈ ప్రయోగమును ఉపాధ్యాయుడే చేయవలెను. విద్యార్థులు దూరమునుండి చూడవలెను.

రవ్వల సంఖ్యను కూడ వారిచే లెక్క కట్టింపవచ్చును. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ప్రతి సిలిండరుకు రెండు చుట్లకు ఒక రవ్వ. ఆరు సిలిండర్లకు చుట్టుకు మూడు. నిమిషమునకు 1,500 చుట్లు తిరిగినచో 4,500 రవ్వలు, అనగా సెకనుకు 75. సెకనుకు డెబ్బదియైదు పర్యాయములు క్షేత్రము ఏర్పడి, త్రెగి, వేల వోల్టులు పుట్టి, సరియైన సిలిండరునకు చేరవలెను. ఇంత పని అరచేతిలో పట్టు రెండు చిన్న మొనలు చేయుచుండెను.

1970 దశకమునుండి ట్రాన్సిస్టరు ఆ మొనల పనిని తీసికొనినది. అరుగుదల లేదు, కాలుట లేదు. క్రొత్త కార్లలో కాలమును కంప్యూటరు నిర్ణయించును. ప్రతి ప్లగ్గునకు ఒక్కొక్క కాయిలు. అయినను ప్రాథమిక చుట్టలో విద్యుత్తును హఠాత్తుగా త్రెంచి గౌణ చుట్టలో రవ్వను పుట్టించు సూత్రములో మార్పు లేదు.

మారిపోవుచున్నది మరొకటి. చిన్న దీపముతో, చెవితో, ఎండు కర్రతో దోషమును పట్టుకొను నేర్పు పాత మెకానిక్కులతో తగ్గిపోవుచున్నది. చౌమహల్లాలోని కారువంటివి చూచుటకు మాత్రమే మిగిలినచో అవి మెరుగుపెట్టిన బొమ్మలు. ఆగిన రవ్వను వెదకి తెచ్చుట తెలిసినవారు ఉన్నంతకాలము అవి ఇంజనులుగానే ఉండును. ఆ నేర్పునకు కావలసిన మూలధనము పదవ తరగతి భౌతికశాస్త్ర పాఠములోనే కలదు: విద్యుత్తు పోవుటకు ఒక దారి, తిరిగి వచ్చుటకు ఒక దారి, నడుమ తగిన క్షణమున ఒక త్రెంపు. రవ్వ లేనపుడు ఈ మూడింటిలో ఏది తప్పినదని అడుగుటతోనే వెదకులాట మొదలుకావలెను.